ద్రగోమిర్ పేరిట గోధుమలు

ఉదయం ఏడయ్యేసరికి వెలిచ్కా తన కొట్టు కిటికీ తెరుస్తుంది. కొట్టంటే మెట్లూ గుమ్మమూ ఉన్నది కాదు. పాత మేడ అడుగున ఒకప్పుడు బొగ్గులు పోసుకునే గది ఉండేది. దాని కిటికీకి చెక్క రెక్క బిగించి, లోపల సీసాలూ సిగరెట్టు పెట్టెలూ పేర్చి కొట్టు చేశారు. ఆ కిటికీ వీధి రాళ్లకు జానెడు ఎత్తులో ఉంటుంది. ఏం కావాలన్నా గొంతుక్కూర్చునే అడగాలి. అందుకే సోఫియా ఊళ్లో ఇలాంటివాటిని మోకాళ్ల కొట్లంటారు. ఎంత హోదా ఉన్న పెద్దమనిషైనా సిగరెట్టు కావాలంటే వెలిచ్కా ముందు మోకాళ్లు వంచవలసిందే. "నా ముందు వంగినంతగా వీళ్లు దేవుడి ముందు కూడా వంగరు ఫాదర్" అని ఒకసారి ఆమె ఫాదర్ కలిస్ట్రాత్‌తో అనేసి, వెంటనే నాలుక కరుచుకుని శిలువ గుర్తు వేసుకుంది.

వితోషా వీధిలో బళ్లు తిరగవు. ఒకప్పుడు ట్రాములు తిరిగేవి. పట్టాలు పీకేసి రాళ్లు పరిచాక ఆ చివర చర్చి నుంచి ఈ చివర ఫౌంటెన్ల దాకా నడిచే మనుషులే. కాఫీ బల్లల మధ్య నుంచి, పూల తొట్ల మధ్య నుంచి, ఎదురుగా కనపడే కొండవైపు చూసుకుంటూ పొద్దస్తమానం నడుస్తూనే ఉంటారు. వాళ్ల ముఖాలు వెలిచ్కాకు కనపడవు. బూట్లు కనపడతాయి. ఇరవై రెండేళ్లుగా ఆమె మనుషుల్ని నడకను బట్టే పోల్చుకుంటోంది. ఎవరి మడమ ఏ పక్క అరిగిందో, ఎవరికి ఇంట్లో పోట్లాటయిందో, ఎవరు ఉద్యోగం పోయినా పోలేదన్నట్టు రోజూ అదే వేళకు వెళ్తున్నారో ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనదు.

కిటికీ పక్కనే ఆ మేడ వీధి తలుపు. ఆ తలుపు మీద, ఊళ్లో అన్ని తలుపుల మీదా ఉన్నట్టే, పోయినవాళ్ల కాగితాలుంటాయి. నల్ల అంచు, పైన శిలువ, మధ్యలో ఫోటో, కింద పేరూ, పోయిన రోజూ, ఏడ్చేవాళ్ల వివరం. పోయిన రోజున ఒకటి అంటిస్తారు. నలభయ్యో రోజున ఒకటి, ఆరో నెలకు ఒకటి, ఆ తర్వాత ఏటేటా ఒకటి.

ఆ ఫోటోలకు వయసొస్తుంది. అది అందరికీ తెలిసిందే. పోయేనాటి ఫోటోనే ఏటా అచ్చుకిచ్చినా, అంటించిన మర్నాటికల్లా ముఖం ఆ ఏటి వయసుకు వచ్చేస్తుంది. మూడో అంతస్తు రాద్కా కొడుకు ఏడాది నిండకుండా పోయాడు. తలుపు మీదే పళ్లొచ్చాయి, తలుపు మీదే మీసాలొచ్చాయి. పోయినేడు ఆవిడ అద్దెకు తెచ్చిన టై ఒకటి ఫోటో మెడ దగ్గర పెట్టి, నప్పిందో లేదో చూసుకుని తీసుకెళ్లింది. జనం వస్తూ పోతూ ఆగి చూసి, బతికున్నవాళ్లను పలకరించినట్టే పలకరిస్తారు.

"పిన్నీ, రెండో అంతస్తు ఇంజినీరు గారికి కళ్లజోడొచ్చింది చూశావా?" అంటుంది పక్కన రొట్టెల కొట్లో పని చేసే యోవ్కా.

"చూశాను. బతికున్నప్పుడే పెట్టుకోవలసింది. ట్రాము కనపడక కదూ పోయాడు."

"అది నా ట్రాము కాదు!" అంటాడు స్టోయిల్, ఎక్కడున్నా ఆ మాట చెవిన పడిందంటే చాలు. ముప్పై ఏళ్లు ఇదే వీధిలో ట్రాము నడిపిన మనిషి ఆయన. ఇప్పుడు రిటైరై, నడిపినంత దూరమూ రోజూ కాళ్లతో నడుస్తున్నాడు.

ఆ తలుపు మీద ముఖం మారని ఫోటో ఒకటే. అది వెలిచ్కా భర్త ద్రగోమిర్‌ది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. ఒత్తైన జుట్టు, నల్లటి మీసం, ఎవరో జోకు చెబితే నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవులు. ఇరవై ఎనిమిదేళ్లుగా అవే పెదవులు.

అతను సరుకుల ఓడ మీద పని చేసేవాడు. ఫ్రాన్సు తీరంలో ఒక రాత్రి ఓడ మీద కనపడలేదు. ఓడ ఆఫీసు నుంచి ఒకాయన వెతుక్కుంటూ ఇంటికొచ్చి, టోపీ చేతిలో పట్టుకుని, "మునిగిపోయాడనుకోండమ్మా. మీకదే మంచిది" అన్నాడు. ఆ రోజుల్లో ఓడ దూకి పారిపోయినవాడి పెళ్లానికి ఊళ్లో ఉద్యోగం ఉండేది కాదు. ఇల్లూ ఉండేది కాదు. మునిగిపోయినవాడి పెళ్లానికి రెండూ ఉండేవి. వెలిచ్కాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆమె ఆ మాటను దేవుడి మాటలాగే నమ్మింది. నల్లబట్ట కట్టుకుంది. కాగితం అచ్చు వేయించి అంటించింది.

మొదటి ఏడు ఫోటో మారలేదు. ఒక్క ఏటికి ఏం మారుతుంది అనుకుంది. రెండో ఏడు మారలేదు. మూడో ఏడు అత్తగారు పల్లె నుంచి వచ్చి, తలుపు ముందు చాలాసేపు నిలబడి, "మా వంశంలో తొందరగా వయసు తెలియదమ్మా" అంది. అంటూనే ముఖమంతా వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక, అతను బతికే ఉన్నాడని వెలిచ్కాకు ఇంక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

కాగితం అంటించడం మాత్రం మానలేదు. మానితే ఎందుకు మానావంటారు. కొన్నాళ్లకు ప్రభుత్వం పోయింది. ఓడలు దూకినవాళ్లు, సరిహద్దులు దాటినవాళ్లు సూట్‌కేసులతో తిరిగొచ్చి వీధిలో దండలేయించుకున్నారు. అతను రాలేదు. ఆమె పని చేసే బట్టల మిల్లు మూసేశారు. ఈ నేలగదిలోకి వచ్చింది. ఏటా సెప్టెంబరు పంతొమ్మిదిన కొత్త కాగితం అంటించి, ఉడికించిన గోధుమలు పంచుతూనే ఉంది. దారిన పోయేవాళ్లు ఆ ఫోటో చూసి, ఆమెను చూసి, కప్పు తీసుకుని, "దేవుడు క్షమించుగాక" అని తిని పోయేవారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మర్యాదస్తుల వీధి అది.

తొమ్మిదేళ్ల కిందట స్టోయిల్ భార్య పోయింది. ఏడాది తిరిగాక ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తూ, ఆయన కిటికీ ముందు గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు టకటకమన్నాయి.

"సిగరెట్లా?" అంది వెలిచ్కా.

"నేను తాగను."

"మరి?"

"ఇస్కర్ నది పక్కన మా పల్లెలో రెండు గదుల ఇల్లుంది. వెనక ఆరు రేగు చెట్లున్నాయి. కిటికీ మనిషి ఎత్తున ఉంటుంది. అందులోంచి చూస్తే ముఖాలు కనపడతాయి. అంతే. చెబుదామనిపించింది" అన్నాడు.

ఆ రోజంతా వెలిచ్కా చిల్లర తప్పిచ్చింది. నలభై ఆరేళ్లొచ్చేదాకా తననెవరూ ఏదీ అడగలేదు. సరుకులు తప్ప. ఆమె ఫాదర్ కలిస్ట్రాత్ దగ్గరికి వెళ్లింది. కోర్టు వాళ్లు ద్రగోమిర్‌ను పోయినవాడి కింద ఎప్పుడో రాసేశారు, ఆ కాగితం చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు.

"ముద్ర ఉందమ్మా, సంతకం ఉంది. కాదనను. కానీ నేను రోజూ ఆ తలుపు ముందు నుంచే కదా వస్తాను."

"అవును ఫాదర్."

"ఒక్క వెంట్రుక నెరవనీ. చాలు. మీ ఇద్దరి తలల మీదా నేనే పెళ్లి కిరీటాలు పెడతాను."

చర్చి మాట దాటి కాపురం పెట్టే మనిషి కాదు వెలిచ్కా. స్టోయిల్ కూడా అలా అడగలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చి, కిటికీ ముందు వంగి, "ఏమన్నాడు మీ కుర్రాడు?" అనేవాడు.

"నవ్వుతున్నాడు."

"నా మోకాళ్లు పూర్తిగా పోయేలోపైనా నవ్వాపమను."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆయన వెళ్లాక వెలిచ్కా దేవుడి పటం ముందు దీపం సర్దుతూ, నోటితో అనలేని కోరిక ఒకటి మనసులోకి రాకుండా గట్టిగా ప్రార్థన చదువుకునేది. భర్త చావు కోరుకునే ఆడది నరకానికి పోతుంది. అదామెకు బాగా తెలుసు. కోరుకోలేదు. తలుపు దగ్గరికొచ్చేసరికి ప్రతి ఉదయం ఆమె కళ్లు మాత్రం ముందుగా ఆ జుట్టు మీదికే పోయేవి.

ఆ ఏడు సెప్టెంబరు పంతొమ్మిది శుక్రవారం వచ్చింది. గోధుమలు నానబెట్టి, ఉడకబెట్టి, గుడ్డ మీద ఆరబోసి, అక్రోటు పలుకులు కలిపి, పైన పంచదార పొడి జల్లెడ పట్టి, మంచు పడ్డట్టు తెల్లగా చేసి చర్చికి తీసుకెళ్లి దీవెన పెట్టించుకొచ్చింది. కాగితపు కప్పుల్లో పెట్టి కిటికీ గట్టు మీద వరసగా ఉంచింది. సాయంత్రం నాలుగయ్యేసరికి సగం కప్పులు ఖాళీ అయ్యాయి. స్టోయిల్ తన వంతు తినేసి, గోడకానుకుని నిలబడి, యోవ్కాతో ఏదో వాదిస్తున్నాడు. ఆయన తవిటిరంగు బూట్లు వెలిచ్కాకు కనపడుతున్నాయి.

అప్పుడా నడక వచ్చింది.

బూట్లు కొత్తవి. మెత్తటి తోలు, ఈ దేశంలో కుట్టినవి కావు. పక్కన ఆడమనిషి తెల్ల గుడ్డ బూట్లు. ఆ మెత్తటి బూట్లలో ఎడమది అడుగు వేసిన ప్రతిసారీ ముందు కొంచెం బయటికి తిరిగి, ఆ తర్వాత నేలకు ఆనుతోంది. వెలిచ్కా చేతిలో ఉన్న కప్పు చేతిలోనే ఉండిపోయింది. ఇదే వీధిలో, ట్రాము దిగి చర్చి దాకా, ఆ ఎడమ పాదం పక్కన తన కుడి పాదం వేసుకుంటూ ఆమె ఒక ఎండాకాలమంతా నడిచింది.

బూట్లు కిటికీ ముందు ఆగాయి. "అబ్బా" అని మూలుగుతూ మనిషి వంగాడు. ముఖం కిందికి వచ్చింది. జుట్టు లేదు. కళ్ల కింద సంచులున్నాయి. చర్మం మంచి తిండి తిన్నవాళ్ల చర్మంలా నున్నగా ఉంది. మీసం ఇంకా నల్లగానే ఉంది, రంగేసుకున్నట్టున్నాడు.

"చల్లటి నీళ్లు రెండు సీసాలివ్వండమ్మా."

చాలాకాలం పెట్టెలో మడిచి ఉంచిన కోటుకున్నట్టు ఆ మాట మీద ముడతలున్నాయి. వెలుతురులోంచి చీకట్లోకి చూస్తున్నాడు. అతనికి లోపల ఎవరో ఉన్నారని తప్ప తెలియడం లేదు.

వెలిచ్కా సీసాలు తీసి గట్టు మీద పెట్టింది.

"ఇదివరకు ఇక్కడ ట్రాము ఆగేది కదూ?" అన్నాడతను హుషారుగా.

"ఆగేది."

"మా ఆవిడకు చూపిద్దామని తీసుకొచ్చాను. ఎన్నేళ్లుగానో అడుగుతోంది, నీ వీధి చూపించు, నీ వీధి చూపించు అని. ఇవాళ మాకు పండగలాంటిది లెండి. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఇదే రోజు నేను..." చిన్నగా నవ్వాడు. "కొత్తగా పుట్టాననుకోండి."

వెలిచ్కాకు అరవాలనిపించలేదు, ఏడవాలనిపించలేదు. ఒక మాట చాలు అనుకుంది. ఒక్క మాట అతని నోటంట వస్తే, తను కాగితం చింపేసి, కోర్టుకెళ్లి, విడాకులడిగి, ఫాదర్ ముందు నిలబడి, విడిచిపెట్టిపోయినవాడి పెళ్లాన్ని నేను అని వీధంతా వినేలా చెప్పగలదు. ఇన్నేళ్లూ చెప్పలేని ఆ మాట ఇవాళ చెప్పగలదు. అతను ముందు మాట్లాడాలి అంతే.

చేతిలోని కప్పు గట్టు మీద పెట్టింది.

"గోధుమలు తీసుకోండి. ఇవాళ మా ఇంట్లో సంస్మరణ."

"అయ్యో. ఎవరికండీ?"

"మా ఆయనకి. ద్రగోమిర్ అతని పేరు. సముద్రంలో మునిగిపోయాడు."

అతను కదల్లేదు. వెలిచ్కా కొంచెం ముందుకు జరిగింది, తన ముఖం మీద వెలుతురు పడేలా. కప్పు అంచు మీద వేలు ఉంచే ఉంది. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి లాగేద్దామని.

అతను చూశాడు. గట్టు పట్టుకున్న వేళ్లు కొసల దగ్గర తెల్లబడ్డాయి. పైనుంచి ఆ తెల్ల బూట్లావిడ నవ్వుతూ వాళ్ల భాషలో ఏదో అడిగింది. అతను తలెత్తకుండా అదే భాషలో ఏదో చిన్న మాట చెప్పాడు. ఆవిడ "ఓ" అంది, జాలిగా.

అప్పుడతను చెయ్యి చాచి కప్పు తీసుకున్నాడు. వెలిచ్కా వేలు తీసేసింది.

చెంచాతో మొత్తం తిన్నాడు. ఈ దేశంలో చనిపోయినవాళ్ల గోధుమలు ఎవరూ వద్దనరు. తన పేరిట గోధుమలు తనే తిన్నవాడు బతకడని ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు, అయినా వద్దంటే ఎందుకు వద్దో చెప్పవలసి వస్తుంది. నములుతుంటే దవడలు కష్టంగా కదిలాయి. పంచదార పొడి మీసం మీద పడింది.

"దేవుడు క్షమించుగాక" అన్నాడు.

"క్షమించుగాక" అంది వెలిచ్కా.

అతను లేచాడు. ఆమెకు మళ్లీ బూట్లే మిగిలాయి. అవి రెండడుగులు వేసి తలుపు ముందు ఆగిపోయాయి. కొసలు తలుపు వైపు తిరిగి అలాగే ఉన్నాయి. అక్కడ ఇరవై తొమ్మిదేళ్ల ద్రగోమిర్ నవ్వు ఆపుకుంటున్నాడు. ఒకసారి ఆ బూట్లు కిటికీ వైపు తిరిగాయి. ఎడమది బయటికి తిరిగి, ఒక అడుగు వేసి, ఆగింది. తెల్ల బూట్లు వచ్చి పక్కన నిలబడ్డాయి. తర్వాత రెండు జతలూ కలిసి ఫౌంటెన్ల వైపు వెళ్లిపోయాయి. ఎవరి నడకైనా వేగం చూస్తే అర్థమవుతుంది. అవి తొందరగా వెళ్లాయి.

గోడ పక్కన తవిటిరంగు బూట్లు ఒక అడుగు వెనక్కి వేశాయి. స్టోయిల్ యోవ్కాతో వాదన ఆపేశాడు.

మర్నాడు ఉదయం వెలిచ్కా వచ్చేసరికి తలుపు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ఆమెను చూసి దారిచ్చారు.

"పిన్నీ!" అంది యోవ్కా, చేతులకు పిండి అలాగే ఉంది. "మీ ఆయనకి వయసొచ్చింది పిన్నీ."

ఇరవై ఎనిమిదేళ్లూ ఒక్కసారే వచ్చేశాయి. జుట్టు లేదు. కళ్ల కింద సంచులు. నవ్వు పోయింది.

"మీసం కూడా ఎలా తెల్లబడిందో పాపం" అంది రాద్కా.

వెలిచ్కా దగ్గరికెళ్లి చూసింది. నెరిసిన తెలుపు వేరు, ఇది వేరు. తన చేత్తో జల్లెడ పట్టిన తెలుపు ఆమెకు తెలియదా? మూలనున్న హోటల్లో గదులు ఊడ్చే పిల్ల పది గంటలకు రొట్టె కోసం వచ్చి చెప్పింది. పై దేశం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు పొద్దున్న పక్క మీంచి లేవలేదట. గుండె అన్నారట డాక్టర్లు. ఈ ఊరివాడేనట, పేరు మాత్రం వేరేదట.

ఇరవై ఎనిమిదేళ్లుగా నోట్లో దాచుకున్న ఓదార్పు మాటలన్నీ ఆ రోజు వీధి జనం బయటికి తీశారు. ఒక్కొక్కరే కిటికీ ముందు వంగి, "ఓర్చుకో వెలిచ్కా" అన్నారు, నిన్ననే పోయినట్టు. నిన్ననే కదా మరి.

మధ్యాహ్నం తెల్ల గుడ్డ బూట్లు వచ్చాయి. ఒంటరిగా. తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాయి. ఆవిడకు ఆ అక్షరాలు రావు. ముఖం వస్తుంది. తర్వాత కిటికీ దగ్గరికొచ్చి, వంగి, తలుపు వైపు చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఒక పేరు పలికింది. వెలిచ్కా ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఇద్దరికీ కలిసే మాట ఒక్కటీ లేదు. వెలిచ్కా నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. ఆవిడ తాగి, లోపలికి చెయ్యి చాచి వెలిచ్కా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా, నమ్మకంగా ఉంది. వెలిచ్కా దాన్ని పట్టుకోనూ లేకపోయింది, వదలనూ లేకపోయింది.

ఫాదర్ కలిస్ట్రాత్ అంగీ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మరీ వంగాడు. "నలభై రోజులు గడవనీ అమ్మా. ఆ తర్వాత ఏ ఆదివారమైనా సరే."

"ఫాదర్, నేను మీకొకటి చెప్పాలి."

"ఫోటో చెప్పిందిగా" అన్నాడాయన మెత్తగా. "అదే చాలు." ఆయన మంచివాడు. వినవలసివస్తుందేమోనని అంత త్వరగా లేచిన మనిషిని వెలిచ్కా ఎన్నడూ చూడలేదు.

అడిగినవాడు స్టోయిల్ ఒక్కడే. ఆదివారం వచ్చాడు. మోకాళ్లు టకటకమన్నాయి. "ఏమన్నాడు మీ కుర్రాడు" అనలేదు.

"ఒక్క మాట అడుగుతాను వెలిచ్కా."

"అడగండి."

"ఆయనేనని నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం దగ్గరలోనే ఉంది. చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో. యాభై నాలుగేళ్ల బతుకులో ఆమె వీధంతటితో కలిసి ఒక పెద్ద అబద్ధాన్ని మోసింది గానీ, ఒక మనిషి కళ్లలోకి చూస్తూ చిన్నది కూడా ఆడలేదు.

"నడక చూసినప్పుడే."

"కప్పు ఇవ్వకముందేనా?"

"ఇవ్వకముందే."

స్టోయిల్ తల దించుకుని వీధి రాళ్ల మధ్య సందు చూస్తూ కూర్చున్నాడు.

"నేను ముప్పై ఏళ్లు ట్రాము నడిపాను. మనిషి పట్టాల మీదికొస్తే గంట కొడతాం."

"కొట్టాను కదండీ" అంది వెలిచ్కా. "పేరు చెప్పాను. మునిగిపోయాడని చెప్పాను. నా ముఖం చూపించాను. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. గంట కొట్టినట్టే కదా?"

"గంట కొడతాం" అన్నాడు స్టోయిల్. "బ్రేకు కూడా వేస్తాం, వెలిచ్కా గారూ."

ఇన్నేళ్లలో ఆయన ఆమెను ఎప్పుడూ గారూ అనలేదు. కిటికీ గట్టు పట్టుకుని మెల్లగా లేచాడు. ఎవరికోసమనుకున్నారు అనే ప్రశ్న వెలిచ్కా గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, సిగరెట్టు పెట్టెలు సర్దింది.

ఆ తర్వాత తవిటిరంగు బూట్లు వీధికి ఆ పక్క నుంచే నడిచాయి. కొన్నాళ్లకు అదీ లేదు. పల్లెకు వెళ్లిపోయాడని, రేగుపళ్లు బాగా కాశాయని యోవ్కా చెప్పింది.

నలభయ్యో రోజున వెలిచ్కా కాగితం అంటించింది. ఆరో నెలకు అంటించింది. ఏడాదికి గోధుమలు ఉడికించి, కప్పుల్లో పెట్టి గట్టు మీద వరసగా ఉంచింది. జనం వంగి పలకరించారు. "ఇప్పుడే తిన్నాం వెలిచ్కా" అన్నారు కొందరు. "షుగరొచ్చింది, తీపి తినొద్దన్నారు" అన్నారు కొందరు. మర్యాదస్తుల వీధి. కొట్టు కట్టేసే వేళకు అన్ని కప్పులూ ఉన్నాయి. ఆమె ఒక్కో కప్పే తీసుకుని, ప్రతి కప్పుకూ "దేవుడు క్షమించుగాక" అనుకుంటూ, తినగలిగినంత తిని, మిగిలినవి పావురాలకు పోసింది. ఎవరిని క్షమించమంటోందో చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుస్తుందని ఆమె నమ్మకం.

ఏళ్లు గడుస్తున్నాయి. తలుపు మీద ద్రగోమిర్ బుగ్గలు లోపలికి పోయాయి. మెడ మీద చర్మం వదులైంది. నేలగది చెమ్మకు వెలిచ్కా వేళ్లు వంకర తిరిగాయి, ఒక కంట్లో పొర కమ్మింది. ఒకరోజు ఉదయం యోవ్కా రొట్టెల పళ్లెంతో తలుపు ముందు ఆగి, ఫోటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"పిన్నీ, మీ ఇద్దరికీ ఒకే పోలిక వస్తోంది తెలుసా? ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ముసలివాళ్లైన మొగుడూ పెళ్లాలకు వస్తుంది చూడు, అలా."

వెలిచ్కా తాళం చెవి కోసం సంచిలో వెతుక్కుంటోంది. తలెత్తలేదు.

"రాక ఏం చేస్తుంది" అంది. "ఇప్పుడింక ఎక్కడికీ పోవడం లేదుగా."